మంచు డేరాకు లైటు

నవంబర్ 4, 2022. శుక్రవారం

ముప్పయ్యేళ్ళు జీవశాస్త్రం చెప్పి, ప్రొద్దుటూరులో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరై, చివరికి చేపలు పట్టేవాళ్ళ డేరాలో కాపురం పెట్టాను. షార్జాలో, రోలాలో, నాలుగో అంతస్తు ఫ్లాటులో, హాలు నడిమధ్యన.

పోయిన వారం దాకా హాలుకు అడ్డంగా ప్లైవుడ్ గోడ ఉండేది. గోడకు ఇవతల నా మంచం, నా అలమారు, నా పరువు. ఫ్లాట్లలో పార్టిషన్లు ఉండకూడదని బిల్డింగు ఓనరు నోటీసు అంటించాడు. గోడ విప్పేశారు. ఇంటికొచ్చిన ప్రతి మనిషీ ముందు నా దుప్పటిని చూసి, తర్వాత నాకు సలాం చెప్పడం మొదలైంది.

ఈ పొద్దు రమీజ్ భుజాన పొడుగు సంచి మోసుకొచ్చాడు. ఉమ్ అల్ క్వైన్‌లో వాడు స్టోర్‌కీపరుగా చేసే ఫ్యాక్టరీలో కెనడా ఇంజనీరొకడు ఉద్యోగం మానుకుని పోతూ పోతూ వదిలేసిన సరుకట. గొడుగును విప్పినట్టు నాలుగు పక్కలా నాలుగు తాళ్ళు లాగాడు. టపటపమని గోడలు లేచి నిలబడ్డాయి. బయట ఎరుపు. లోపల నలుపు, బొంత కుట్టినంత మందం.

"వాళ్ళ దేశంలో చెరువు గడ్డకడితే ఆ మంచు మీద దీన్ని నిలబెడతారంటమ్మా. మంచుకు బెజ్జం కొట్టి, లోపల స్టూలేసుకుని కూర్చుని చేపలు పడతారంట. మైనస్ నలభై తట్టుకుంటాదంట!"

"షార్జాకు మైనస్ నలభై ఎప్పుడొస్తాదిరా?"

"క్వాలిటీ గురించి చెప్తాండానమ్మా."

"గోడ తీసేయమన్నారు గదా?"

"ఇది గోడ కాదు గదా, గుడ్డ. గుడ్డకు ఎవడు అడ్డం చెప్తాడు?"

వీడు నా కడుపునే పుట్టాడు, సందేహం లేదు. ఈ తెలివి మాత్రం వాళ్ళ నాయనది.

డేరాకు అడుగు లేదు. చుట్టూ కింద ఒక జానెడు అంచు ఉంది. గాలికి ఎగిరిపోకుండా దాని మీద మంచు కుప్పపోయాలట. మా ఇంట్లో మంచు లేదు గనక సోనామసూరి బియ్యం సంచులు పెట్టాడు. నాలుగు మూలలకూ నాలుగు. ఇక అన్నం వండాలంటే నా ఇంటి పునాది తవ్వుకోవాలి.

డేరా సంచిలో కాగితం ఉంటే చదివాను. లోపల నలుపెందుకంటే, బెజ్జంలో చేప కనపడాలంటే మనిషి చీకట్లో కూర్చోవాలట. ఇంగ్లీషు బాగానే రాశారు. బుద్ధే లేదు.

గుడ్డలోకి కరెంటు వైరు లాగితే ప్రమాదమట, కాబట్టి ఛార్జింగు లైటే పెట్టాలట. "మంచి లైటు చూసి పెడతామ్మా, నువ్వేం దిగులు పడొద్దు" అన్నాడు.

దిగులు కాదు నాయనా. అసహ్యం.

నవంబర్ 7

మొదటి లైటు. లాంతరు ఆకారం, డేరా నడినెత్తిన కొక్కేనికి వేలాడుతుంది. పసుపు వెలుగు. దాని కింద నా చేతులు కామెర్ల రోగి చేతుల్లా ఉన్నాయి. చవక ప్లాస్టిక్కు, వెలుగును విరిచేస్తోంది. లైటు చుట్టూ రంగురంగుల వలయం, ఇంద్రధనుస్సును చుట్ట చుట్టినట్టు.

రమీజ్ తలెత్తి చూసి, "వలయమేందమ్మా? నాకేం కనపల్యా" అన్నాడు.

వాడికి చిన్నప్పుడు కూడా కాంతి పాఠం ఎక్కలేదు.

ఇంకో సంగతి. ఎడమ పక్క మూల చీకటిగానే ఉంది. లాంతరు నడిమధ్యన ఉన్నప్పుడు ఒక మూలకు వెలుగు అందకపోవడమేమిటి? చైనావాడు మూడు మూలలకే డబ్బు తీసుకున్నట్టున్నాడు.

నవంబర్ 8

తలనొప్పి. ఆ లాంతరు వల్లే.

నవంబర్ 10

షాహీన్‌ను బస్సు దగ్గరినుంచి తెచ్చాను. మధ్యాహ్నం స్కూలు బస్సు మా సందు చివర ఆగుతుంది. అక్కడినుంచి రోడ్డు దాటించి, మనుమరాలిని ఇంటికి చేర్చడం నా పని. కొడుకు సాయంత్రానికి గానీ రాడు. కోడలు తహ్మీనా ఫార్మసీలో పని ముగించుకుని వచ్చేసరికి మగ్రిబ్ నమాజు వేళ అవుతుంది. వంటకు నన్ను పిలవరు, నేను ఉప్పెక్కువ వేస్తానట. బట్టలకు మిషనుంది. ఈ ఇంట్లో నాదని చెప్పుకోవడానికి ఉన్నది ఈ బస్సు ఒక్కటే.

తిరిగొస్తుంటే ఎడమ భుజం పోయి ఇనప స్తంభానికి కొట్టుకుంది. ఈ ఊళ్ళో స్తంభాలు ఎక్కడపడితే అక్కడ పాతుతారు.

"అది దినామూ ఆడనే ఉంటాది జేజీ" అంది షాహీన్.

ఒకటో తరగతి పిల్ల. ఎదురు మాట్లాడటం తల్లి పోలిక.

నవంబర్ 12

లాంతరు పోయింది. ఇప్పుడు లైట్ల పట్టీ. డేరా కడ్డీల వెంట చుట్టూ అంటించాడు. దానికొక రిమోటు.

"ఎర్రది పెట్టుకుంటే కండ్లకు సుఖమంటమ్మా. పచ్చదానికి చేపలొస్తాయంట."

"వస్తే పులుసు పెట్టుకుందాం."

షాహీన్ రిమోటు పట్టుకుని నా నెత్తిన రంగులన్నీ తిప్పింది. పట్టీకీ వలయాలే. ఇన్ని చుక్కల చుట్టూ ఇన్ని వలయాలు. తయారుచేసినవాణ్ణి బెంచీ ఎక్కించి నిలబెట్టాలి.

నవంబర్ 13

ఎరుపు. ఆకుపచ్చ. నీలం. మళ్ళీ ఎరుపు. ఖురాన్ తెరిస్తే పేజీ గులాబీరంగు. ఛీ.

నవంబర్ 17

బిల్డింగు నాతూర్ అజ్మల్ పార్టిషన్లు తీశారో లేదో చూడటానికి వచ్చాడు. వాచ్‌మన్‌ను ఇక్కడ నాతూర్ అంటారు, ఆ పేరుకు తగ్గ బింకం కూడా ఉంటుంది. డేరా చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. బియ్యం సంచిని కాలితో తట్టి చూశాడు.

"అమ్మాజీ, యే క్యా హై?"

"మంచు ఇల్లు" అని హిందీలో చెప్పాను.

లోపల తల పెట్టి చూసి, "ఇత్‌నా అంధేరా!" అన్నాడు, ఇంత చీకటా అని. పెద్దాయన, ఉన్నమాట అన్నాడు. పట్టీ బ్యాటరీ పూట కూడా రావడం లేదు. అందుకే పగలంతా ఆర్పేసుకుని కూర్చుంటున్నాను. నోటీసులో గుడ్డ మాట లేదు కాబట్టి ఇప్పటికి సరేనని వెళ్ళిపోయాడు.

సాయంత్రం రమీజ్ నుదుటికి కట్టుకునే లైటు తెచ్చాడు. కట్టుకుని బయటికొచ్చాను. బొగ్గు గనిలో డ్యూటీ దిగి వచ్చినట్టున్నానని తహ్మీనా నవ్వింది. నవ్వి ఊరుకోలేదు.

"అత్తా, ఒకసారి కండ్ల డాక్టరుకు చూపించుకోకూడదా? మా ఫార్మసీ మెట్లెక్కితే ఆస్పత్రే."

"నా కళ్ళకేం? పోయినవారం నీ దుపట్టా మీద పసుపు మరక చూసి చెప్పింది ఎవరు?"

ఆ మరక కుడిపక్కన ఉండింది. ఏ పక్కనుంటేనేం, చూశానా లేదా?

నాకు తెలుసు ఈ దారి ఎక్కడికి పోతుందో. కళ్ళు బాగాలేవంటారు. బస్సు దగ్గరికి వేరే మనిషిని పెడదామంటారు. రెండో అంతస్తులో సైదున్నీసా ఉండనే ఉంది, నాలుగిళ్ళ పిల్లలను ఇప్పటికే బాతుల్లా తోలుకొస్తుంది. మా షాహీన్ ఐదో బాతు అవుతుంది. నేను ఈ డేరాలో స్టూలేసుకుని చేపలు పట్టుకోవాలి.

నా కళ్ళకేమీ లేదు. లైటు సరిగా లేదు.

నవంబర్ 21

ఎట్టకేలకు మనుషులు వాడే లైటు. కడ్డీకి క్లిప్పుతో పట్టించేది. మెడ ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. తెల్లటి వెలుగు. అక్షరాలు బాగా కనపడుతున్నాయి. పాత రాతలు తిరగేసి చూస్తే వరుసలు కిందికి జారి ఉన్నాయి. లైటు లేక.

ఎడమ మూల మాత్రం అట్లాగే ఉంది. లైటు మెడ అటు తిప్పాను. అయినా అట్లాగే ఉంది. నల్లగా కూడా కాదు, అటువైపు ఏమీ లేనట్టు. ఆ మూల గుడ్డలోనే లోపం. వెలుగును మింగేస్తోంది.

శుక్రవారం మంచం తిప్పించాలి. కాళ్ళవైపు తల పెట్టుకుంటే ఆ మూల కుడికొస్తుంది. పీడ పోతుంది.

నవంబర్ 25

మంచం తిప్పించాను. రమీజ్, తహ్మీనా చెరోపక్క పట్టుకున్నారు. డేరా ఊగింది, ఒక బియ్యం సంచి ఒరిగింది.

పడుకుని చూశాను. ఆ మూలకు ఏ లోపమూ లేదు. శుభ్రంగా, కుట్లతో సహా కనపడుతోంది.

ఇప్పుడు ఎడమకొచ్చిన మూల లేదు.

"బాగుండాదా అమ్మా?" అన్నాడు.

"బాగుండాది" అన్నాను.

ఎనిమిదో తరగతికి కన్ను పాఠం ఏటా నేనే చెప్పేదాన్ని. రంగు సుద్దముక్కలతో బోర్డంత కన్ను గీసేదాన్ని. నల్లగుడ్డు, పాప, కటకం, వెనకాల నరం. పాఠం అయ్యాక పిల్లలందరినీ ఒక చేత్తో ఒక కన్ను మూసుకుని చూడమనేదాన్ని, తర్వాత రెండోది. ఒకసారి ఒక పిల్ల లేచి, "టీచర్, ఇటు మూస్తే మీరు లేరు" అంది. ఆ రోజే తండ్రికి కబురు పంపాను. అంత నిర్లక్ష్యమా ఇంట్లో అని ఆయన్ను స్టాఫ్‌రూములో నిలబెట్టి కడిగేశాను.

నాకు ఆ పరీక్ష చేసుకోవలసిన అవసరం లేదు.

నవంబర్ 26

చేసుకోలేదు.

నవంబర్ 27

తలనొప్పి, కనుబొమ్మ మీద. వాంతి వచ్చినట్టుంది. తహ్మీనా వండిన వంకాయ వల్ల అయ్యుంటుంది.

నవంబర్ 28

చేసుకున్నాను.

అరచెయ్యి కుడికన్ను మీద పెట్టుకున్నాను. డేరా పోయింది. లైటు పోయింది. అంతా బూడిద. మధ్యలో తాళంచెవి దూరేంత సందు. ఆ సందులో నా చెప్పు ఒకటి.

కాసేపు ఆ చెప్పునే చూశాను.

తర్వాత చెయ్యి తీసి, ఆ చెప్పులు వేసుకుని, బస్సు దగ్గరికి పోయాను.

నవంబర్ 30

జాగ్రత్తగా ఉంటే సరిపోతుంది. తల ఎడమకు తిప్పి చూడటమే కదా. కోడి చేసే పనే.

డిసెంబర్ 6

తల తిప్పాను. తిప్పే చూశాను. రోడ్డు ఖాళీ అని షాహీన్ చెయ్యి పట్టుకుని అడుగు వేశాను.

బైకు ఎడమనుంచే వచ్చింది. అన్నం డబ్బాలు చేరవేసే కుర్రాళ్ళ బైకు. షాహీన్ అరిచి నన్ను వెనక్కి లాగబోయింది. ఎంత బలం ఉంటుంది? ఆ కుర్రాడే బైకును పక్కకు తిప్పి, కాలిబాట ఎక్కించి నిలబెట్టాడు. డబ్బాలు రోడ్డంతా దొర్లాయి. పిల్ల మోచెయ్యి అంచు రాయికి గీసుకుపోయింది. రక్తం.

"మాజీ, దిఖ్‌తా నహీఁ క్యా?" అని అరిచాడు. అవమానించాలని కాదు, భయపడి. కనపడదా అని అడిగాడు. జవాబు నాకు తెలుసు. పోయిన సోమవారం నుంచీ తెలుసు.

"అల్లరి పిల్ల, చెయ్యి వదిలించుకుంది" అన్నాను. అదీ నేను అన్నమాట. నా నోటితో. పక్కన నిలబడి ఉన్న పిల్ల వింటుండగా.

సాయంత్రం తహ్మీనా దూది పట్టుకుని అడిగింది, ఎట్లా తగిలిందని. నేను నోరు తెరిచేలోపు షాహీన్ అంది, "నేనే ఉరికినామ్మా. జేజి చెయ్యి ఇడిపించుకుని."

తహ్మీనా పిల్ల వీపున ఒకటేసింది. "ఎన్నిసార్లు చెప్పినా నీకు! రోడ్డు మీద చెయ్యి ఇడుస్తావా!" పిల్ల ఏడ్చింది కానీ మాట మార్చలేదు. నేను పప్పన్నం కలుపుకుంటున్నాను. కలుపుకుంటూనే ఉన్నాను.

తర్వాత పిల్ల డేరాలోకి దూరి నా పక్కన ముడుచుకుంది.

"ఎందుకే అబద్ధం చెప్పినావు?"

"నువ్వు చెప్పినావు గదా జేజీ, ఆ అన్నతో. అదే చెప్పినా."

ఇన్నాళ్ళూ లాంతరు మీదా, పట్టీ మీదా, చైనావాడి మీదా కుమ్మరించిన అసహ్యమంతా తిరిగి నా మీదికే వచ్చింది. సరైన చోటికే వచ్చింది.

డిసెంబర్ 7

ఉదయం మెట్లు దిగి సైదున్నీసా తలుపు తట్టి, ఈరోజునుంచి మా పిల్లను కూడా తీసుకురమ్మని చెప్పాను. "ఏం టీచరమ్మా, పానం బాగల్యా?" అంది. "బాగలేదు" అన్నాను. ఆ ఒక్క మాట చెప్పడానికి అంత కష్టం లేదు. తిరిగి రెండంతస్తులు ఎక్కడమే కష్టమైంది, లిఫ్టు చెడిపోయింది.

రాత్రి భోజనాల దగ్గర చెప్పాను.

"నిన్న షాహీన్ చెయ్యి ఇడిపించుకోలేదు. నేనే బైకు కిందికి తీసుకుపోయినా. నా ఎడమకన్ను పోయింది. కుడికన్ను మూస్తే ఈ ఇంట్లో మీరెవరూ ఉండరు."

రమీజ్ చేతిలో ముద్ద అట్లాగే ఉంది. చివరికి అన్నాడు కదా, "ఇంకో లైటు తెస్తామ్మా. ఎక్కువ వాట్లది. ఆన్‌లైన్‌లో చూసినా..."

"లైటు కాదయ్యా!" తహ్మీనా కంచం పక్కకు నెట్టింది. నావైపు తిరిగింది. "ఎన్ని దినాల్నుంచి తెలుసు అత్తా నీకు?"

"పోయిన వారం నుంచి."

"తెలిసీ నా బిడ్డ చెయ్యి పట్టుకుని రోడ్డు దాటినావా?"

"తెలిసే."

"నా బిడ్డను నేను కొట్టినా అత్తా! నువ్వు చూస్తా కూర్చున్యావు!"

"తహ్మీనా, ఊరుకో. అమ్మ ఏదో..." అంటున్నాడు రమీజ్.

"నువ్వు ఊరుకోరా" అన్నాను. "నిన్నటినుంచి నన్ను అడగవలసిన ప్రశ్నలు అడుగుతున్నది ఆమె ఒక్కతే."

తహ్మీనా లేచి వెళ్ళి ఎవరికో ఫోను చేసింది. ఫార్మసీ మీది ఆస్పత్రికి. శనివారం ఉదయం సమయం ఇచ్చారట. నాతో చెప్పలేదు, మొగుడితో చెప్పింది. అన్నం తినకుండానే పిల్ల పక్కన పడుకుంది.

రమీజ్ నన్ను చూడకుండా, డేరా కడ్డీకున్న లైటు మెడను అటు తిప్పి, ఇటు తిప్పి, మళ్ళీ అటు తిప్పి వెళ్ళాడు.

డిసెంబర్ 10. శనివారం

డాక్టరు మలయాళీ. చిన్న పిల్ల, నా దగ్గర చదువుకునే వయసులా ఉంది. ఇంగ్లీషులో మాట్లాడింది, తొందర లేకుండా. గడ్డం ఒక చోట ఆనించమంది. చుక్కలు వేసింది. కంట్లో ఒత్తిడి కొలిచింది. మళ్ళీ కొలిచింది.

రమీజ్ ఫోనుకు పార్కింగు సమయం అయిపోయిందని మెసేజి వచ్చింది. కారు మార్చడానికి కిందికి ఉరికాడు.

ఎడమది పోయినట్టే అంది డాక్టరు. తిరిగి రాదు. కుడిదానికి కూడా మొదలైంది, కానీ నిలబెట్టవచ్చు. సోమవారం లేజరుతో చిన్న మార్గం చేస్తే లోపలి నీరు కదులుతుంది. ఈలోగా చుక్కలు.

తర్వాత ప్రశ్నలు. లైట్ల చుట్టూ రంగుల వలయాలు కనపడ్డాయా? కనపడ్డాయి. కనుబొమ్మ మీద నొప్పి? ఉంది. వాంతి? వంకాయ అనుకున్నాను. నవ్వలేదు.

"చీకట్లో ఎక్కువసేపు కూర్చుంటారా?"

ఎందుకు అని అడిగాను. పాఠం చెప్పినట్టు చెప్పింది. కాగితం మీద కన్ను గీసింది. నేను గీసినంత బాగా లేదు. కొందరి కళ్ళలో నీరు పోయే దారి పుట్టుకతోనే ఇరుకు. వెలుతురు తక్కువైతే కంటిపాప విప్పారుతుంది. విప్పారితే ఆ ఇరుకు కాస్తా మూసుకుంటుంది. నీరు నిలిచి నరాన్ని నొక్కుతుంది. మీ జబ్బు ఏడాది పైనుంచే నడుస్తూ ఉండాలి, కానీ ఇటీవల మీరేదైనా చీకటి గదిలోకి మారి ఉంటే, అది త్వరపెట్టి ఉంటుంది. మారారా?

తలుపు వైపు చూశాను. రమీజ్ ఇంకా రాలేదు.

"మారాను" అన్నాను. "నేనే కావాలని అడిగి వేయించుకున్నాను. నాకు ఏకాంతం ఇష్టం."

"తీసేయించండి. ఈరోజే. వెలుతురులో కూర్చోండి."

అప్పుడు వచ్చాడు, రొప్పుతూ. "ఏమన్నాదమ్మా?"

"చుక్కలేసుకోమంది. సోమవారం రమ్మంది." డాక్టరుకు తెలుగు రాదు. దేవుడు అప్పుడప్పుడు మేలు చేస్తాడు.

ఇంటికి రాగానే చెప్పాను, డేరా తీసెయ్యమని.

"ఎందుకమ్మా? కొత్త లైటు ఆర్డరు పెట్టినా. రేపొస్తాది. ఇది శానా..."

"నాకు ఒక్క లైటూ నచ్చలేదు. తీసెయ్యి."

"ఒక్కటీ?"

"ఒక్కటీ."

వాడి ముఖం చూశాను, కుడికంటితో. నెల రోజులు దుకాణాలు తిరిగి, కడ్డీలెక్కి, పట్టీలంటించి, బ్యాటరీలు మార్చిన ముఖం అది.

"నీకేదీ నచ్చదులేమ్మా. ఎంత చేసినా ఇంతే."

"ఇంతే."

బియ్యం సంచులు లాగాడు. పైకప్పును గుద్ది లోపలికి తోశాడు, తర్వాత ఒక్కో గోడ. డేరా సంచిలో పట్టలేదు. మోకాలితో తొక్కి కుక్కాడు. తహ్మీనా వంటింటి గడపలో నిలబడి చూసింది. ఫార్మసీలో పనిచేసే మనిషి, డాక్టరు రాసిన చీటీ చదివే ఉంటుంది. కిటికీ తెర మాత్రం బర్రున పక్కకు లాగింది. హాలంతా ఎండ.

చుక్కలు నేనే వేసుకోబోయాను. సీసా నోరు ఎక్కడుందో అంతు చిక్కలేదు. రెండు చుక్కలు ముక్కు మీద పడ్డాయి. రమీజ్ సోఫాలోంచి చూస్తూ చూస్తూ లేచి వచ్చాడు. కోపంగానే సీసా లాక్కున్నాడు. కోపంగానే నా తల వెనక్కి వంచి, బొటనవేలితో రెప్ప కిందికి లాగాడు. వేలు వణుకుతోంది. చుక్క చెంప మీద పడింది.

"కదలొద్దంటే కదుల్తావేందమ్మా!" అన్నాడు.

నేను కదల్లేదు.